ఎదురింటి అరుగు మీద మన అంగడి
(మహాసభల వ్యాపార సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సోషల్ నెట్‌వర్కింగ్ సైట్లను వాడుకుని చిన్న వ్యాపారాన్ని వృద్ధి చేసుకోవడం ఎలా? నిర్వాహకులు నాకిచ్చిన విషయం ఇది. ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. నేను వ్యాపారస్తుణ్ణి కాను. ఇంజనీరింగ్ చదివి, ఈ దేశం వచ్చి, ఇరవయ్యేళ్ళ పైచిలుకుగా ప్రోగ్రాములు రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. ఐతే కంప్యూటర్ల పని చేసేవాడికి ప్రింటరు బాగుచెయ్యడం దగ్గర్నుంచి ఫేస్‌బుక్ పేజీ పెట్టడం దాకా అన్నీ వచ్చి ఉంటాయని మనవాళ్ళ నమ్మకం. అంచేత మా డాలస్ చుట్టుపక్కల ఒక కూచిపూడి బడికి, ఒక టాక్స్ ఆఫీసుకి, పెళ్ళి అలంకరణలు చేసే ఒకావిడకి, ఇద్దరు ముగ్గురు పిండివంటలవాళ్ళకి శని ఆదివారాల్లో పేజీలు సరిచేసిపెట్టడం నా వంతైంది. ఫీజు సున్నుండలు. అక్కడ చూసినదే మీ ముందు పెడతాను. పెద్ద కంపెనీల సంగతి చెప్పను. వాటికి ఆ పని చూసే డిపార్టుమెంట్లున్నాయి. మనలో చాలామందికి ఉన్నది డైనింగ్ టేబులూ, ఒక ఫోనూ, పిల్లలు పడుకున్నాక మిగిలే గంటా.

మా అమ్మమ్మగారి ఊళ్ళో కరణంగారి ఇంటికి పెద్ద అరుగు ఉండేది. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళు, సాయంత్రం మగవాళ్ళు అక్కడే చేరేవారు. చీరల మూట భుజాన వేసుకొచ్చే అతను కూడా ఆ అరుగు మీదే మూట విప్పేవాడు. జనం ఉన్నది అక్కడ గనక. అరుగు అతనిది కాదు. అద్దె కూడా ఇచ్చేవాడు కాదు. కాని ఇంటాయన "ఇవాళ చుట్టాలొస్తున్నారు, లేవయ్యా" అంటే మూట కట్టుకోవలసిందే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, యూట్యూబ్ అన్నీ ఇలాంటి ఎదురింటి అరుగులే. ఆ చీరలతను తెలివైనవాడు. ఎవరింట్లో పెళ్ళి కుదిరింది, ఎవరికి ఏ రంగు నచ్చుతుంది, ఎవరెంత బాకీ ఉన్నారు, ఇవన్నీ రాసుకున్న చిన్న నోటుపుస్తకం ఎప్పుడూ అరుగు మీద వదిలేవాడు కాదు. జేబులోనే ఉండేది. నేనివాళ చెప్పబోయేదాంట్లో ఎక్కువ భాగం ఆ నోటుపుస్తకం గురించే.

ఇంటాయన నిజంగా తలుపు వేస్తాడా అంటారేమో. చాలాసార్లు వేశాడు. ఆర్కుట్ గుర్తుందా? 2004 జనవరిలో వచ్చింది, ఇండియాలోనూ బ్రెజిల్‌లోనూ విపరీతంగా పాకింది, 2014 సెప్టెంబరు 30న మూసేశారు. గూగుల్ ప్లస్‌ను మామూలు జనానికి 2019 ఏప్రిల్‌లో మూసేశారు. 2020 జూన్ 29న ఇండియా ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. దాన్ని నమ్ముకుని అమ్మకాలు సాగిస్తున్నవాళ్ళకు ఉన్నట్టుండి దుకాణం లేదు. అమెరికాలో అదే టిక్‌టాక్ 2025 జనవరి 18 రాత్రి ఆగి, మర్నాడు మళ్ళీ వచ్చింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒక్కసారిగా సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. మూడూ ఒకే ఇంటాయనవి మరి. ఇన్‌స్టాగ్రామ్‌ను 2012లో, వాట్సాప్‌ను 2014లో ఫేస్‌బుక్ కొనుక్కుంది.

తలుపు వెయ్యడం ఒక రకం. అరుగు మీద మనల్ని చల్లగా వెనక్కి జరపడం ఇంకో రకం. 2018 జనవరిలో ఫేస్‌బుక్ బహిరంగంగానే చెప్పింది, ఇకమీదట స్నేహితులు, బంధువులు పెట్టే పోస్టులకు ముందు చోటని, వ్యాపార పేజీలు తర్వాతనీ. వెయ్యిమంది మీ పేజీని ఫాలో అవుతున్నంత మాత్రాన మీ పోస్టు వెయ్యిమందికీ చేరదు. ముందు కొద్దిమందికి చూపిస్తారు. వాళ్ళు ఆగి చూసి, నాలుగు మాటలు రాసి, మరొకరికి పంపితే ఇంకొంతమందికి చూపిస్తారు. డబ్బిస్తే మరికొంతమందికి. మనం రాసిన ప్రోగ్రామైనా అంతేగా. యజమానికి ఏది లాభమో అదే ముందు చేస్తుంది.

ఇక అసలు సంగతి. మా ఊళ్ళో ఒకావిడ ఉన్నారు. పేరు వద్దు, మా ఇంట్లో అందరం అక్కయ్య అంటాం. 2023లో బావగారి ఉద్యోగం పోయింది. యాభై దాటిన మనిషి. టెక్నాలజీ కంపెనీలు వేలమందిని తీసేస్తున్న ఏడాది. నెత్తి మీద ఇంటి లోను, పెద్దమ్మాయి కాలేజీ. అంతకుముందు సరదాగా అమ్మిన కారప్పొడి, నువ్వుల పొడి, జంతికలు, అరిసెలు ఒక్కసారిగా ఇంటి ఖర్చుకు ఆధారమయ్యాయి. ఆవిడ ఫేస్‌బుక్ పేజీకి మూడు వేల పైచిలుకు ఫాలోయర్లు. వారానికి ఆర్డర్లు మాత్రం ఐదో ఆరో. "తమ్ముడూ, ఇంకో రెండు వేలమందిని చేర్చిపెట్టు" అని నన్ను పిలిచారు.

ఫాలోయర్లు ఎక్కడివాళ్ళో పేజీయే ఊళ్ళవారీగా చూపిస్తుంది. తీసి చూస్తే సగం మంది హైదరాబాదు, విజయవాడ, గుంటూరు. తర్వాత న్యూజెర్సీ, కాలిఫోర్నియా. అరిసెల ఫొటో కింద "సూపర్ అక్కా" అని రాసిన అమ్మాయి గుంటూరులో ఉంది. గుంటూరువాళ్ళకు డాలస్ నుంచి కారప్పొడి ఎందుకండీ? పైగా ఇంటి వంటింట్లో చేసి అమ్ముకునే తినుబండారాలకు ఈ దేశంలో రాష్ట్రానికో చట్టం. చాలాచోట్ల ఆ వెసులుబాటు రాష్ట్రం సరిహద్దు దాటదు. అంటే ఆవిడ వ్యాపారానికి పనికొచ్చే లోకం ఇంటి చుట్టూ ముప్ఫై మైళ్ళు. ఇద్దరూ నడుం విరిగేలా చేసినా వారానికి వంద డబ్బాలు దాటవు. వాళ్ళకు కావలసింది ఐదు వేలమంది ఫాలోయర్లు కాదు, నెలకోసారి ఫోను చేసి రెండు మూడు డబ్బాలు తీసుకెళ్ళే నూట యాభై కుటుంబాలు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించేసరికి ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నూట యాభై ఇళ్ళంటే మన కాలనీయేనే" అన్నారు, పక్కనున్న కూతురితో.

ఆ రోజు నుంచి ఒక్క పని చెయ్యమన్నాను. ఆర్డరిచ్చిన ప్రతివారినీ "మా సంగతి మీకెలా తెలిసిందండీ?" అని అడిగి నోటుపుస్తకంలో రాయడం. రెండు నెలలయ్యాక చూస్తే ఎక్కువమంది, తెలిసినవాళ్ళెవరో వాట్సాప్‌లో పంపగా వచ్చినవాళ్ళు. తర్వాతివాళ్ళు గూగుల్‌లో వెతికి వచ్చినవాళ్ళు. ఫేస్‌బుక్‌లోనే మొదటిసారి చూసి వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అలాగని పేజీ దండగ అనుకోకండి. దాదాపు అందరూ "ఫోను చేసేముందు మీ పేజీ చూశామండీ" అన్నారు. మనిషి నిజమేనా, సరుకు శుభ్రంగా ఉందా, పోయిన వారం కూడా అమ్మారా లేక పోయినేడాదే మానేశారా చూసుకోవడానికి వస్తారు, సంబంధం ఖాయం చేసుకునేముందు ఊళ్ళో వాకబు చేసినట్టు. వాకబుకి వచ్చినవాళ్ళకు ఏం అమ్ముతారు, ఎంతకి, ఏ ఊళ్ళో, ఏ రోజు, ఎలా అడగాలి అన్నది పేజీ తెరవగానే కనబడాలి. ఇవేవీ లేకుండా సంక్రాంతి శుభాకాంక్షలు, ఉగాది శుభాకాంక్షలు మాత్రమే ఉన్న వ్యాపార పేజీలు మనవాళ్ళవి ఎన్నో చూశాను.

అక్కయ్య పద్ధతి మార్చారు. ఆ వారం ఏం చేస్తున్నారో బుధవారం రాత్రి ఎనిమిదింటికి పెడతారు. శుక్రవారం మధ్యాహ్నానికి ఆర్డర్లు బంద్. శనివారం పది నుంచి ఒంటిగంట దాకా ఇంటికొచ్చి తీసుకెళ్ళడం. ప్రతి వారం అదే వేళ. మూడు నెలలు తిరిగేసరికి జనం బుధవారం రాత్రి వాళ్ళంతట వాళ్ళే తెరిచి చూడడం మొదలెట్టారు. ఫొటో ఒక్కటే, వంటింటి కిటికీ పక్కన పగటి వెలుతుర్లో, ఆ వేళ చేసినదే. ఇంటర్నెట్లో దొరికిన అరిసెల బొమ్మ పెడితే కొనేవాళ్ళకు చిటికెలో తెలిసిపోతుంది. ఈమధ్య ఏఐ చేత రాయించే వర్ణనలూ అంతే. ఊళ్ళో అందరి కారప్పొడీ "సంప్రదాయ రుచుల సమ్మేళనమే". అక్కయ్య ఒకసారి "ఈసారి వెల్లుల్లి కాస్త ఎక్కువ పడింది, ఇష్టమున్నవాళ్ళే తీసుకోండి" అని రాశారు. ముందు అయిపోయినవి ఆ డబ్బాలే.

పోస్టులో ఇంకొకటి రాసి తీరాలి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి ప్రధాన ఎలర్జీ పదార్థాల జాబితాలో నువ్వులు తొమ్మిదవదిగా చేరాయి. పాలు, గోధుమలు, వేరుశనగలు, జీడిపప్పు వంటివి అంతకుముందే ఉన్నాయి. వీటిలో ఒక్కటీ పడని పిండివంట మనకు వెతికితేగాని దొరకదు. టెక్సాస్‌లో డబ్బా మీద ఈ వివరాలతోబాటు ఇది తనిఖీ జరగని ఇంటి వంటింట్లో చేసినదన్న మాట కూడా ఉండాలి. డబ్బా మీద ఉన్నది పోస్టులో కూడా పెట్టండి. పిల్లల పుట్టినరోజుకి జంతికలు తెప్పించే తల్లి పోస్టు చూసి ఆర్డరిస్తుంది. డబ్బా తిప్పి చదివే తీరిక ఆవిడకు ఉండకపోవచ్చు.

ఇబ్బందిగా ఉన్నా ఇక్కడే మరో మాట చెప్పాలి. హెచ్-4 వీసా మీదున్న అక్కచెల్లెళ్ళు నన్ను తరచు అడుగుతుంటారు, పేజీ పెట్టుకోవచ్చా అని. 2015 మే నుంచి కొందరు హెచ్-4 వారికి, అంటే జీవిత భాగస్వామి గ్రీన్‌కార్డు వ్యవహారం కొంత దూరం నడిచినవారికి, పని అనుమతి కార్డు తెచ్చుకునే వీలు కలిగింది. ఆ కార్డు చేతిలో లేకుండా అమ్మకాలు పెట్టకండి. "ఇంట్లో చేసుకునేదేగా" అంటారు. పేరు, ధర, తేదీ అన్నీ మీ చేత్తో రాసి లోకానికంతటికీ చూపించే పేజీ అది. వీసా దరఖాస్తులో సోషల్ మీడియా ఖాతాల వివరాలు 2019 నుంచి అడుగుతున్నారు. ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడాక మొదలెట్టండి. మొదలెట్టకపోయినా నష్టం లేదు. ఐదేళ్ళ నిరీక్షణ కారప్పొడి డబ్బా కోసం పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు మన జాతీయ వ్యాధి, ఫ్లయరు. చుట్టూ పట్టు చీర అంచు, మూలల్లో మామిడాకులు, మధ్యలో ఏడు రంగుల అక్షరాలు, అంతా కలిపి ఒకే బొమ్మ. ఆ బొమ్మలో ఉన్న నంబరు మీద వేలు పెడితే చాలామంది ఫోన్లలో ఏమీ జరగదు, కాగితం పెన్ను వెతుక్కోవాలి. ఆర్నెల్ల తర్వాత ఆ నంబరు కోసం పాత మెసేజీలు గాలిస్తే దొరకదు. ఫ్లయరు పెట్టుకోండి, కాదనను. దాని కింద అవే వివరాలు నాలుగు లైన్లలో మామూలు అక్షరాల్లో రాయండి. స్పెల్లింగు సంగతి కూడా చూడాలి. ఆవకాయను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క 'ఏ'తో మొదలెట్టేవారున్నారు, రెండు 'ఏ'లతో మొదలెట్టేవారున్నారు, 'మాంగో పికిల్' అనేవారున్నారు, శుభ్రంగా తెలుగులోనే వెతికే పెద్దవాళ్ళున్నారు. పేజీ వివరాల్లో అన్నీ ఒకసారి రాసి పెట్టండి, ఊరి పేరుతో సహా. గూగుల్‌లో వ్యాపారం నమోదు చేసుకోవడం ఉచితం. ఇంటి చిరునామా కనబడకుండా ఏయే ఊళ్ళవారికి సేవ చేస్తారో మాత్రం చూపించే వీలుంది. మా టాక్స్ ఆఫీసాయనకు ఫేస్‌బుక్ కంటే ఇదే ఎక్కువ మందిని తెచ్చింది. ఏప్రిల్ నెలలో టాక్సుల కోసం ఫేస్‌బుక్ చూసేవాళ్ళెవరు?

ఇక వాట్సాప్. ఇక్కడ నా మాటలు కొందరికి రుచించకపోవచ్చు. మన ప్రతి ఊళ్ళోనూ తెలుగు సంఘం గ్రూపు, గుడి గ్రూపు, తెలుగు బడి తల్లిదండ్రుల గ్రూపు, బతుకమ్మ గ్రూపు ఉన్నాయి. వనభోజనాలకు పులిహోర ఎవరు తెస్తారో అనుకోవడానికి పెట్టిన గ్రూపులో మర్నాడు శంషాబాద్ దగ్గర ప్లాట్లు. ఎల్లుండి ఇన్సూరెన్సు. ఆ మర్నాడు ఇంటి లోను వడ్డీరేట్లు. పది రోజులకు అందరూ గ్రూపు నోరు నొక్కేస్తారు. మా ఊళ్ళో ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆస్పత్రిలో చేరారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కొడుకు ఇంకో ఊళ్ళో చిక్కుకుపోయి, "ఈ రాత్రికి నాన్నగారి దగ్గర ఎవరైనా ఉండగలరా" అని గ్రూపులో పెట్టాడు. ఆ మెసేజీ రెండు వడ్డీరేట్ల ప్రకటనల మధ్య తెల్లారేదాకా పడి ఉంది. మూడువందల మందిమి ఉన్నాం ఆ గ్రూపులో. సంఘం సభ్యుల జాబితా మన వ్యాపారానికి పెట్టుబడి కాదు. ఆ ఒక్కదాన్ని దయచేసి ముట్టుకోకండి.

అక్కయ్య ఏం చేస్తారంటే, డబ్బా చేతికిచ్చేటప్పుడు "బుధవారం జాబితా పంపమంటారా?" అని అడుగుతారు. ఔనన్నవాళ్ళను మాత్రమే వాట్సాప్ బిజినెస్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితాకి చేరుస్తారు. 2018లో వచ్చిన ఈ యాప్ చిన్న వ్యాపారులకు ఉచితం. బ్రాడ్‌కాస్టు జాబితాకి 256 మందే పడతారు, అదీ మన నంబరు తమ ఫోనులో దాచుకున్నవాళ్ళకే చేరుతుంది. ఇది లోపమని చాలామంది విసుక్కుంటారు. నా దృష్టిలో అంతకంటే మంచి జల్లెడ లేదు. నంబరు దాచుకున్నవాళ్ళే మన ఖాతాదారులు. పైగా గ్రూపులోలాగా ఒకరి నంబరు మరొకరి కంట పడదు. ఈమెయిలు పంపేవాళ్ళకు 2003 నాటి కాన్-స్పామ్ చట్టం ఉంది: వద్దనుకునేవాళ్ళకు తప్పుకునే దారి ఉండాలి, వద్దన్న పది పనిదినాల్లోగా మానాలి, మీ తపాలా చిరునామా కింద ఉండాలి. నెలకోసారి అక్కయ్య ఆ పేర్లు, నంబర్లు, ఎవరికి ఏది ఇష్టమో తన నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటారు. రేపు ఏ అరుగు తలుపు మూసినా ఆ పుస్తకం ఆవిడ వంటింటి సొరుగులో ఉంటుంది.

ఆ పుస్తకం విలువ ఒకసారి తెలిసొచ్చింది. నువ్వుల పొడి పాత నూనె వాసన వస్తోందని ఒకరు గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చారు. ఆ రాత్రి మా బంధువర్గమంతా కత్తులు నూరింది, తలా ఐదు స్టార్లు వేసేస్తామని. నేను వద్దన్నాను. కొననివాళ్ళు రాసిన దొంగ సమీక్షలు, చుట్టరికం దాచి రాయించుకున్నవి, డబ్బిచ్చి పొగిడించుకున్నవి చెల్లవని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం 2024 అక్టోబరు 21 నుంచి అమల్లో ఉంది. డిస్కౌంటు ఆశ చూపి సమీక్ష రాయించుకోవడాన్ని గూగుల్ కూడా ఒప్పుకోదు. చట్టం సంగతి అలా ఉంచండి, ఒకే రాత్రి ఇరవైమంది, అందరిదీ ఒకే ఇంటిపేరు అయితే చదివేవాళ్ళు నవ్వరూ? అక్కయ్య కింద రెండు వాక్యాలు రాశారు. "మీరు చెప్పింది నిజమేనండీ, ఆ వారం నువ్వులు పాతవి వచ్చాయి. ఆ పొడి తీసుకున్న మిగతా పదకొండుమందికీ ఫోను చేసి డబ్బు తిరిగిస్తున్నాను." ఏ పదకొండుమందో పుస్తకంలో ఉంది. ఆ ఒక్క స్టార్ ఇప్పటికీ అక్కడే ఉంది. అది చదివే ఫోను చేశామని చెప్పిన కొత్తవాళ్ళున్నారు. బావగారికి ఏడాదిన్నర తర్వాత, తక్కువ జీతానికే అనుకోండి, ఉద్యోగం దొరికింది. ఆ ఏడాదిన్నరలో దాచుకున్నది చాలా కరిగింది. ఇంటి వాయిదా మాత్రం ఒక్క నెల కూడా తప్పలేదు.

డబ్బిచ్చి ప్రకటన వెయ్యాలా అంటే వెయ్యండి, పండక్కి రెండు వారాల ముందు, యాభై డాలర్లు దాటకుండా, మీ ఊరి చుట్టూ పాతిక మైళ్ళకు కట్టడి చేసి. భాష తెలుగు అని ఎంచుకుంటే తెలుగువాళ్ళందరికీ వెళ్తుందనుకోకండి. మనలో ఎక్కువమంది ఫేస్‌బుక్‌ను ఇంగ్లీషులోనే పెట్టుకుంటాం.

కూచిపూడి బడి సమస్య వేరు. సినిమా పాట పెట్టిన వీడియోకి శబ్దం తీసేస్తారు, అది చిన్న సంగతి. పెద్ద సంగతి పిల్లల బొమ్మలు. ఒక తల్లి వచ్చి, తన పాప బొమ్మ ఎక్కడా పెట్టవద్దని గురువుగారిని బతిమాలింది. కారణం చెప్పలేదు, గురువుగారు అడగలేదు. అప్పటినుంచి ఆ బడిలో ఏడాదికోసారి ప్రతి తల్లిదండ్రుల దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటున్నారు. వద్దన్నవాళ్ళ పిల్లలు అరంగేట్రం ఫొటోల్లో కూడా ఉండరు. దానివల్ల బడికి పిల్లలేమీ తగ్గలేదు.

చివరిగా తాళంచెవి సంగతి. మన పేజీల్లో సగం మేనల్లుళ్ళు తెరిచిపెట్టినవే. వాడు చదువయ్యాక ఇండియా వెళ్ళిపోయాడు, పాస్‌వర్డు వాడితోనే వెళ్ళింది. ప్రతి పేజీకీ ఇద్దరు అధికారులుండాలి, అందులో ఒకరు మీరై ఉండాలి. రెండంచెల తాళం పెట్టుకోండి. "మీ పేజీ కాపీరైటు ఉల్లంఘించింది, 24 గంటల్లో తీసేస్తాం, ఇక్కడ నొక్కండి" అని మెసేజీ వస్తే నొక్కకండి. ఫోనుకి వచ్చిన ఆరంకెల కోడు అడిగితే, అడిగినవాళ్ళు మీ తోడల్లుడి పేరుతో వచ్చినా చెప్పకండి.

భోజనాలయ్యాక ఇదే హాల్లో తలుపు పక్కన టేబులు దగ్గర ఉంటాను. ఫోను ఛార్జి చేసుకుని రండి, మీ పేజీ మీ ఎదురుగానే సరిచేద్దాం. పాస్‌వర్డు తెలియనివాళ్ళు ఇప్పుడే మేనల్లుడికి ఫోను చెయ్యండి. అక్కడిప్పుడు రాత్రి పదిన్నర, ఇంకా పడుకుని ఉండడు.